లైబ్రేరియన్ ప్రమోషన్: 13ఏకి పెట్టుకునే ముందు సర్టిఫికెట్లు కాదు, స్టాక్ రిజిస్టర్ చూసుకోండి

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. శ్రీకాకుళం జిల్లాలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్‌గా లెవెల్ 12లో (జీతం మెట్లలో ఒకటి, దాని పై మెట్టు 13ఏ) ఉన్నారు, వచ్చే జులైకి మూడేళ్లు నిండుతాయి, 13ఏకి అప్లై చేయాలి. పీహెచ్‌డీ లేదు. "పీహెచ్‌డీ లేకుండా ఫైలే ముట్టుకోరు, పేపర్లు ఏడెనిమిదైనా ఉండాలి" అని స్టాఫ్ రూములో భయపెట్టారు. సర్టిఫికెట్లు ఇంకేమైనా తెచ్చుకోవాలా అన్నది మీ టెన్షన్. మధ్యలో ఎక్కడో ఒక్క వాక్యం రాశారు: పుస్తకాలు 16,000 ఉన్నాయి, మొదటి ఏడాది స్టాక్ వెరిఫికేషన్‌లో (రిజిస్టర్‌తో పుస్తకాలు సరిచూడటంలో) 112 తేలలేదు, రెండో ఏడాది ప్రిన్సిపాల్ గారు కమిటీయే వేయలేదు, ఈ ఏడాది కూడా "నాక్ వాళ్లొచ్చి వెళ్లాక చూద్దాం" అంటున్నారు అని (నాక్ అంటే కాలేజీలకి గ్రేడు ఇచ్చే సంస్థ).

మీరు భయపడాల్సింది ఆ వాక్యానికే. మిగతాదంతా సర్దుకునే వ్యవహారం.

నేను మన వైపు కాలేజీల్లోనే లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఉండగా కొన్ని ప్రమోషన్ కమిటీల్లో సబ్జెక్టు ఎక్స్‌పర్ట్‌గా కూర్చున్నాను. ఫైళ్లు ఎక్కడ ఆగిపోతాయో చూసినదాన్ని కాబట్టి కొంచెం ఖరాఖండిగానే చెబుతాను, ఏమనుకోకండి.

ముందు స్టాఫ్ రూమ్ భయం సంగతి. వాళ్లు చెప్పేది వాళ్ల రూల్. 2018 జులై 18న వచ్చిన యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) రెగ్యులేషన్స్‌లో లెక్చరర్లకి ఒక దారి, లైబ్రేరియన్లకి ఇంకో దారి. లెక్చరర్ 13ఏకి, అంటే అసోసియేట్ ప్రొఫెసర్‌కి వెళ్లాలంటే పీహెచ్‌డీ ఉండాలి. లెవెల్ 14కైతే పబ్లికేషన్లు, 110 రీసెర్చ్ స్కోరు, ఇవన్నీ ఉంటాయి. మనకి రీసెర్చ్ స్కోరు అనే గొడవే లేదు, పీహెచ్‌డీ అడిగేది కూడా 13ఏ నుంచి 14కి వెళ్లేటప్పుడు మాత్రమే. కాలేజీ లైబ్రేరియన్‌కి మొత్తం ఐదు మెట్లు: 10, 11, 12, 13ఏ, 14. మొదటి మెట్టు దాటడానికి పీహెచ్‌డీ ఉంటే నాలుగేళ్లు, ఎంఫిల్ ఉంటే ఐదు, రెండూ లేకపోతే ఆరు. 11 నుంచి 12కి ఐదేళ్లు. 12 నుంచి 13ఏకి మూడు, అక్కడి నుంచి 14కి ఇంకో మూడు. మీ మెట్టుకి కావలసినవి ఇవే: మూడేళ్ల సర్వీసు, ఆ మూడేళ్లలో ఒక ట్రైనింగ్, మూడేళ్లలో కనీసం రెండేళ్లు వార్షిక మదింపులో 'గుడ్' గానీ 'శాటిస్‌ఫాక్టరీ' గానీ, ఆ తర్వాత సెలక్షన్ కమిటీ ఇంటర్వ్యూ. పాత ఏపీఐ పాయింట్ల పద్ధతిలో పెట్టుకుంటానంటే కుదరదు, ఆ ఆప్షన్ 2018 నుంచి మూడేళ్లే ఇచ్చారు, అయిపోయింది.

ఇప్పుడు ఆ 'గుడ్', 'శాటిస్‌ఫాక్టరీ' ఎలా వేస్తారన్నది అపెండిక్స్ 2లోని టేబుల్ 4లో ఉంటుంది. ఆ టేబుల్ ప్రింట్ తీసి బీరువా తలుపు లోపల అంటించుకోమని నాకు తెలిసిన ప్రతి లైబ్రేరియన్‌కీ చెప్పాను, అంటించుకున్నవాళ్లు తక్కువే. అందులో ఐదు అంశాలు. మొదటిది హాజరు, 90 శాతం పైన గుడ్, 80 పైన శాటిస్‌ఫాక్టరీ. రెండోది సెమినార్లు, వర్క్‌షాపులు. మూడోది పుస్తకాలన్నీ కంప్యూటర్ డేటాబేస్‌లోకి ఎక్కాయా లేదా. నాలుగోది స్టాక్ చెకింగ్, తేలని పుస్తకాలు. ఐదోది మిగతా పనుల చిట్టా, అందులో ఆరు రకాలున్నాయి.

మొత్తం గ్రేడు వేసే పద్ధతి ఆ టేబుల్ చివర రెండు మూడు లైన్లలో ఉంటుంది, ఎవరూ చదవరు. హాజరులో శాటిస్‌ఫాక్టరీ ఉండాలి, మిగతా నాలుగింట్లో ఏవైనా రెండు ఉండాలి, కానీ ఆ రెండింట్లో నాలుగో అంశం ఉండి తీరాలి. అంటే హాజరు, స్టాక్ చెకింగ్, ఇంకేదైనా ఒకటి. మూడు ఉంటే ఆ ఏడాది గట్టెక్కినట్టే. అదే స్టాక్ చెకింగ్ చేయకపోతే మీరు రెండు జాతీయ సెమినార్లు పెట్టండి, డేటాబేస్ నూటికి నూరు శాతం చేయండి, రోజూ అందరికన్నా ముందు వచ్చి తాళం తీయండి, ఆ ఏడాది లెక్కలోకి రాదు. "స్టాక్ చెక్ చేయలేదు" అన్నా, "చేశాం, ఒక శాతమో అంతకన్నా ఎక్కువో పోయాయి" అన్నా టేబుల్ దృష్టిలో రెండూ ఒకటే, అన్‌శాటిస్‌ఫాక్టరీ.

మీ లెక్క వేద్దాం. 16,000 పుస్తకాల్లో అర శాతం అంటే 80. అంతకన్నా తక్కువ పోతే గుడ్. ఒక శాతం అంటే 160, దాని లోపు ఉంటే శాటిస్‌ఫాక్టరీ. మొదటి ఏడాది మీవి 112, అంటే 0.7 శాతం, శాటిస్‌ఫాక్టరీ. ఆ ఏడాది పాసయ్యింది. రెండో ఏడాది వెరిఫికేషన్ లేదు కాబట్టి పోయింది, దానికి ఏడ్చి లాభం లేదు. మూడింట్లో రెండు కావాలి, అంటే ఈ ఏడాది మీకు చాయిస్ లేదు. నాక్ అయ్యాక, పరీక్షలయ్యాక, అడ్మిషన్లయ్యాక అంటూ కూర్చుంటే జులై వచ్చేస్తుంది.

ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు, రెండో ఏడాదికి ఒక పాత తేదీ రిపోర్టు తయారుచేసి సంతకాలు పెట్టించుకుంటే పోలా అని. వద్దు. సాఫ్ట్‌వేర్‌లో ఇష్యూ, రిటర్న్ తేదీలు ఉంటాయి, ఆ రోజుల్లో కమిటీ మెంబర్లలో ఎవరు ఎలక్షన్ డ్యూటీలో ఉన్నారో, ఎవరు స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లారో హాజరు పట్టీ చెప్పేస్తుంది. ప్రమోషన్ రాకపోతే ఏడాది ఆలస్యమవుతుంది, ఇది బయటపడితే పెన్షన్ దాకా వస్తుంది.

ఇంకో చిక్కుంది, దీన్ని చాలామంది కమిటీ ముందు కూర్చున్నాకే గమనిస్తారు. మొదటి ఏడాది తేలని 112 పుస్తకాలను మీరు రైటాఫ్ చేయించారా, అంటే లెక్కల్లోంచి కొట్టేయించారా? మీరు రాయలేదు కాబట్టి చేయించలేదనే అనుకుంటున్నాను. రైటాఫ్ కాకపోతే అవి యాక్సెషన్ రిజిస్టర్‌లో (ప్రతి పుస్తకానికీ నంబరు వేసి రాసుకునే రిజిస్టర్) ఇంకా బతికే ఉన్నట్టు. ఈ ఏడాది లెక్కపెడితే అవి మళ్లీ 'లేవు' అనే వస్తాయి. వాటికి తోడు కొత్తగా ఓ 60 పోయాయనుకోండి, మొత్తం 172, ఒక శాతం దాటింది. నిజానికి ఈ రెండేళ్లలో పోయింది 60 మాత్రమే, కానీ కాగితం మీద మీరు ఫెయిల్. అందుకని వెరిఫికేషన్ రిపోర్టులో రెండు కాలమ్‌లు పెట్టండి, 'గతంలో రిపోర్టు చేసినవి', 'ఈసారి కొత్తగా తేలనివి' అని. పాత 112కి లైబ్రరీ కమిటీ తీర్మానం, ప్రిన్సిపాల్ గారి సంతకంతో రైటాఫ్ ప్రతిపాదన పైకి పంపించండి. ఆర్డరు రావడానికి టైం పడుతుంది, కనీసం పంపినట్టు నంబరు మీ దగ్గరుండాలి.

ఒక మాట, తేలని పుస్తకం వేరు, పాడైన పుస్తకం వేరు. మన వైపు ఇది చిన్న విషయం కాదు. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, వీటిలో కప్పు ఎగిరిపోయి, కిటికీల్లోంచి వాన కొట్టి, కింది అరల్లో పుస్తకాలు నాని ముద్దయిపోయిన లైబ్రరీలు ఉన్నాయి. చెదలు సరే సరి. అలాంటివి 'మిస్సింగ్' కింద రాయకండి. పుస్తకం అట్ట ముక్కైనా, యాక్సెషన్ నంబరు వేసిన పేజీ అయినా మిగిలితే దాన్ని కట్టకట్టి దాచి, 'డ్యామేజ్' అని వేరే జాబితా చేసి, ఫొటోలు తీసి, కండెమ్నేషన్‌కి (పనికిరావని తీసేయడానికి) పెట్టండి. ఒక కాలేజీలో తుపానులో పాడైన పుస్తకాలన్నీ వరండాలోకి తెచ్చి ఆరబెట్టి, చివరికి పాత పేపర్లవాడికి తూకానికి ఇచ్చేశారు, జాబితా లేదు. తర్వాత వచ్చిన లైబ్రేరియన్ నెత్తిన ఆ సంఖ్య అంతా మిస్సింగ్‌గా పడింది. అందుకే ట్రాన్స్‌ఫర్ మీద కొత్త కాలేజీకి వెళ్తే చార్జ్ తీసుకునేటప్పుడే 'ఫలానా తేదీకి వెరిఫికేషన్ చేయకుండా చార్జ్ తీసుకున్నాను' అని రాసి సంతకం చేయాలి, ఆ తర్వాత బేగి లెక్కపెట్టుకుని అప్పటికే లేనివెన్నో తేల్చుకోవాలి.

వెరిఫికేషన్ ఎలా చేయాలో మీకు తెలియదని కాదు గానీ, ఒంటరిగా చేస్తే అది వెరిఫికేషన్ కాదు. ప్రిన్సిపాల్ ప్రొసీడింగ్స్‌తో (రాతపూర్వక ఉత్తర్వుతో) ముగ్గురు నలుగురు లెక్చరర్ల కమిటీ ఉండాలి, మీరు పుస్తకాలు చూపించేవాళ్లు మాత్రమే. మా దగ్గర ఎలా జరిగేదంటే, అటెండర్ ర్యాక్ ముందు స్టూలేసుకుని పుస్తకం తీసి నంబరు చదివేవాడు, కమిటీ మెంబరు ఒకరు రిజిస్టర్‌లో పెన్సిల్‌తో టిక్ పెట్టేవారు, సాఫ్ట్‌వేర్‌లో బార్‌కోడ్ ఉన్నవి స్కానర్‌తో లాగేసేవాళ్లం. "ఏటి మేడమ్, నిరుడు లెక్కెట్టాం కదా, మళ్లీనా?" అనేవాడు మా అటెండర్ ఏటా, అని నవ్వుతూనే స్టూలెక్కేవాడు. అరల్లో ఉన్నవి అయిపోయాక అసలు పని మొదలవుతుంది. డిపార్ట్‌మెంట్ బీరువాలు. కెమిస్ట్రీ ల్యాబులో రియేజెంట్ సీసాల వెనక నుంచి పుస్తకాలు వచ్చేవి. రిటైరైన లెక్చరర్ల ఇళ్లలో 'రేపిస్తాను' పుస్తకాలు. తెలుగు డిపార్ట్‌మెంట్‌లో యువజనోత్సవాల కోసం తీసుకెళ్లి మర్చిపోయిన కవితా సంపుటాలు. మొదటి విడత లెక్కలో లేవన్నవాటిలో సగానికి సగం ఇలా దొరికేస్తాయి, అందుకని మొదటి రోజు సంఖ్య చూసి గుండె ఆపుకోకండి. స్టాఫ్ అందరికీ సర్క్యులర్ పంపి సంతకాలు తీసుకోండి, నో డ్యూస్ ఇచ్చే చోట లైబ్రరీ సంతకం ఉండేలా చూసుకోండి. వెతకడమంతా అయ్యాక మిగిలిందే మీ అసలు సంఖ్య.

ప్రిన్సిపాల్ గారికి ఏటా ఎందుకు అని అనుమానం వస్తే, కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో రూల్ 215 చూపించండి. 20,000 పుస్తకాల లోపు ఉన్న లైబ్రరీకి ఏటా పూర్తి వెరిఫికేషన్, 20,000 నుంచి 50,000 దాకా అయితే మూడేళ్లకోసారి, అంతకు మించితే శాంపిల్ చెకింగ్ అని అందులో ఉంది. అది రాష్ట్ర కాలేజీకి నేరుగా వర్తించే రూల్ కాదు, ఆ మాట కూడా నిజాయితీగా చెప్పండి, కానీ ఆడిట్‌వాళ్లకి వెంటనే అర్థమయ్యే కొలత అది. అదే రూల్‌లో ఇంకోటి ఉంది: ఏడాదిలో ఇష్యూ అయిన, చదవడానికి తీసిన ప్రతి వెయ్యి పుస్తకాలకీ ఐదు పోవడం సహజమేనని ఒప్పుకుంటుంది, నిర్లక్ష్యమో మోసమో కాకపోతే. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ తప్పనిసరి. గమనించారా, అక్కడ వెయ్యికి ఐదు అన్నది వాడిన పుస్తకాల మీద. యూజీసీ టేబుల్‌లో అర శాతం దేని మీదో విడమరిచి రాయలేదు, కమిటీలు మొత్తం స్టాక్ మీదే వేస్తాయి. మనకి అదే మేలు.

ఇక్కడే నాకు ఈ ప్రమాణాల మీద ఉన్న కోపం కూడా చెప్పేస్తాను. పుస్తకం పోతే ప్రమోషన్ పోతుందన్న భయంతో బీరువాలకి తాళాలేసి, కౌంటర్ దగ్గర చీటీ రాస్తే తప్ప పుస్తకం బయటికి తీయని లైబ్రేరియన్లు ఉన్నారు. వాళ్ల మిస్సింగ్ సున్నా. వాళ్ల ఇష్యూ కూడా దాదాపు సున్నాయే. టేబుల్ 4లో ఎక్కడా 'ఎంతమంది చదివారు' అన్న ప్రశ్న లేదు, ఎన్ని ఇష్యూలు అన్న ప్రశ్న లేదు. మందస నుంచో మెళియాపుట్టి నుంచో బస్సులో వచ్చి చదువుకునే పిల్లకి గ్రూప్స్ పుస్తకం ఇంటికి ఇచ్చామా లేదా అన్నది ఎవరూ అడగరు. 16,000లో 159 దాకా పోయినా మీకు గ్రేడు వస్తుంది కదా, ఆ వెసులుబాటు ఇచ్చింది ఎందుకనుకుంటున్నారు? అరలు తెరిచి పెట్టండి. పోతే పోయేది కాంపిటీటివ్ పుస్తకాలే, వాటికి రెండేసి కాపీలు ఎక్కువ కొనండి, ఒక కాపీ రిఫరెన్స్‌లో పెట్టుకోండి.

సరే, నాలుగో అంశం పక్కన ఇంకొకటి కావాలన్నాను కదా. మీకు తేలికైంది ఐదోది. ఆరు పనుల్లో ఏ ఒక్కటి చేసినా శాటిస్‌ఫాక్టరీ, రెండు చేస్తే గుడ్. లైబ్రరీ నెట్‌వర్క్‌ని వాడుకలోకి తేవడం, కొత్త పుస్తకాల సమాచారం అందరికీ చేరే ఏర్పాటు, అడ్మిషన్లు, పరీక్షల పనుల్లో సాయం, పాఠకులకి చిన్న కోర్సు, డేటాబేస్ లేని చోట డిజిటైజేషన్, ఒక రీసెర్చ్ పేపరు. అడ్మిషన్ డ్యూటీ ఎలాగూ మీ చేతే చేయిస్తారు, పరీక్షల డ్యూటీ ఎలాగూ వేస్తారు. ఆ ప్రొసీడింగ్స్ కాపీ ఫైల్లో పెట్టుకోవడమే మీ పని. కాబట్టి 'మూడు రోజుల్లో పేపర్ పబ్లిష్ చేస్తాం, ఇంత కట్టండి' అని వాట్సాప్‌లో వచ్చే మెసేజ్‌లని డిలీట్ చేసేయండి. మీకు పేపరు అక్కర్లేదు. పైగా యూజీసీ మంచి పత్రికలంటూ పెట్టిన తన కేర్ లిస్టుని 2025 ఫిబ్రవరిలో ఎత్తేసింది, ఏది మంచి పత్రిక అన్నది ఇప్పుడు సంస్థలే తేల్చుకోవాలి, కమిటీలో కూర్చున్నవాళ్లు అలాంటి పేపరు చూస్తే ముఖం చిట్లిస్తారు. నిజంగా రాయాలనిపిస్తే రాయండి, అది వేరే సంగతి.

మూడో అంశం, డేటాబేస్. ఇది చూడ్డానికి సులువు, నిజానికి కాదు. 100 శాతం ఎక్కితే గుడ్, 99 శాతం ఎక్కితే శాటిస్‌ఫాక్టరీ, అంతకన్నా తగ్గితే ఏమీ లేదు. 16,000లో 160 ఎంట్రీలు మిగిలిపోయినా 99 దగ్గర ఆగుతారు, 161 మిగిలితే పోయింది. మీ లైబ్రరీ సాఫ్ట్‌వేర్ సోల్ అయినా, కోహా అయినా, ఈ-గ్రంథాలయ అయినా కొలత ఇదే. దాతలిచ్చిన పుస్తకాలు నంబరు వేయకుండా మూలన పడేసి ఉంటాయి, జర్నల్స్ బైండ్ చేసిన సంపుటాలు ఎక్కించరు, ఇంటర్మీడియట్ విడిపోయినప్పటి పాత టెక్స్టులు ఇంకా అరల్లోనే ఉంటాయి. పైగా కమిటీ దీన్ని ర్యాండమ్‌గా చూసుకోవచ్చని టేబుల్‌లోనే రాసి ఉంది. నేను కూర్చున్న ఒక ఇంటర్వ్యూలో మెంబరు ఒకాయన అర నుంచి ఐదారు పుస్తకాలు తెప్పించుకుని సిస్టమ్‌లో వెతకమన్నారు. తెలుగు పుస్తకం ఒకటి ఎంత వెతికినా రాలేదు. పుస్తకం ఉంది, ఎంట్రీ ఉంది, కానీ రచయిత ఇంటిపేరు ఇంగ్లీషులో ఒకచోట ఒక స్పెల్లింగ్, ఇంకోచోట ఇంకో స్పెల్లింగ్. పేరులో 'శాస్త్రి' ఉన్న ప్రతి రచయితకీ ఈ గండం ఉంది. తెలుగు పుస్తకాలని తెలుగు లిపిలోనే ఎక్కించండి, యూనికోడ్‌లో వెతికితే వస్తుంది. ఎక్కించేసి ఉంటే కనీసం ఎక్కువగా వాడే రచయితల పేర్లైనా ఒకే తీరుగా దిద్దుకోండి.

సెమినార్ల సంగతికొస్తే, జాతీయ సెమినార్‌కి డబ్బులెక్కడివని మీరే రాశారు. అక్కర్లేదు. కాలేజీ స్థాయిలో నాలుగు పెడితే శాటిస్‌ఫాక్టరీ. జులైలో ఫస్టియర్ పిల్లలకి లైబ్రరీ వాడకం మీద వర్క్‌షాప్, ఆగస్టు 12న మన గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ గారి జయంతికి ఒకటి, నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాల్లో ఒకటి, ఏప్రిల్ 23 పుస్తక దినోత్సవానికి ఒకటి, ఏడాది గడిచిపోయింది. ప్రతిదానికీ సర్క్యులర్, హాజరు సంతకాలు, ఫొటో, అరపేజీ రిపోర్టు ఉండాలి, దండేసి దండం పెట్టి ఫొటో దిగితే అది సెమినార్ అవదు. ఇంకోటి, ఆ టేబుల్‌లో సెమినార్ లైబ్రరీ పనుల మీదే ఉండాలని లేదు, ఫలానా పుస్తకాల మీద, ఫలానా రకం రచనల మీద కూడా పెట్టొచ్చని ఉంది. అందరూ 'డిజిటల్ యుగంలో గ్రంథాలయాలు' అంటూ అదే అరిగిపోయిన టాపిక్ పట్టుకుంటారు. మీ జిల్లాలో, శ్రీకాకుళం టౌన్లోనే, కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన కథానిలయం ఉంది. తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చిన అలాంటి చోటు పక్కనే ఉంచుకుని ఉత్తరాంధ్ర కథ మీద ఒకరోజు సెమినార్ పెట్టకపోవడమేంటి? పిల్లల్ని బస్సెక్కించి తీసుకెళ్లండి, పాత పత్రికల నుంచి కథలు ఎలా సేకరించి, ఎలా భద్రపరిచారో చూపించండి. విజయనగరం వాళ్లకైతే గురజాడ ఇల్లే ఉంది. ఇలాంటి రిపోర్టు చూసినప్పుడు కమిటీలో నిద్రపోతున్న మెంబరు కూడా లేచి కూర్చుంటాడు.

ట్రైనింగ్ ఒక్కటి చాలు మీకు. పది రోజుల కోర్సు గానీ, దాని బదులు ఐదేసి రోజులవి రెండు గానీ, ఈ-సర్టిఫికెట్ ఉన్న మూక్స్ (ఆన్‌లైన్) కోర్సు గానీ. మీరు ప్రశ్నలో చెప్పిన స్వయం (ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్) సర్టిఫికెట్ సబ్జెక్టుకి సంబంధించిందే అయితే సరిపోతుంది. ఒక్కటే చూసుకోండి, ఆ సర్టిఫికెట్ తేదీ మీ లెవెల్ 12 మూడేళ్ల లోపలే ఉందా, వెళ్లే ముందు ప్రిన్సిపాల్ పర్మిషన్ తీసుకున్న కాగితం ఉందా. కిందటి ప్రమోషన్‌కి వాడేసిన సర్టిఫికెట్‌నే మళ్లీ పెట్టినవాళ్లని చూశాను.

హాజరు గురించి మీకు దిగుల్లేదు. ట్రైనింగ్‌కీ, డ్యూటీలకీ వెళ్లిన రోజులకి ఓడీ (ఆన్ డ్యూటీ) ఆర్డర్లు దాచుకోండి, చాలు.

అప్లికేషన్ ఎప్పుడు పెట్టాలన్నది కూడా డబ్బు విషయమే. గడువు తేదీకి మూడు నెలల ముందే రాతపూర్వకంగా ఇవ్వొచ్చు, మీకైతే ఏప్రిల్లోనే. మొదటిసారే నెగ్గితే ప్రమోషన్ మూడేళ్లు నిండిన తేదీ నుంచి లెక్క, ఇంటర్వ్యూ ఎప్పుడు పెట్టినా సరే. మొదటిసారి నెగ్గక తర్వాత నెగ్గితే ఆ తర్వాతి తేదీ నుంచే. లెవెల్ 12 మొదలు 79,800, 13ఏ మొదలు 1,31,400. అన్ని మెట్లలోకీ పెద్ద గెంతు ఇదే, కాబట్టి ఏడాది వెనక్కి పోతే ఎంత పోతుందో మీరే లెక్కేసుకోండి. అందుకే అర్హత లేకుండా తొందరపడి పెట్టుకోవడం కూడా తెలివైన పని కాదు. ఈ ఏడాది స్టాక్ చెకింగ్ అయ్యి, రిపోర్టు చేతికి వచ్చి, ఏపీఏఆర్‌లో (వార్షిక మదింపు రిపోర్టులో) గ్రేడు పడ్డాకే ఫైలు కట్టండి. కమిషనరేట్ అడిగే ప్రొఫార్మాలోనే ఉండాలి, ప్రతి కాగితం మీద ప్రిన్సిపాల్ అటెస్టేషన్ ఉండాలి. యూజీసీ కొత్త ముసాయిదా అని 2025 జనవరిలో ఒకటి వచ్చింది, వాట్సాప్ గ్రూపుల్లో దాన్నే రూలు అన్నట్టు తిప్పారు. ముసాయిదాని చూసి ఫైలు కట్టకూడదు.

ఇంటర్వ్యూ గురించి భయం వద్దు. రూలు ప్రకారం ఆ కమిటీలో సబ్జెక్టు ఎక్స్‌పర్టుల్లో ఒకరు పనిచేస్తున్న లైబ్రేరియన్ అయి ఉండాలి. ఆయనకి కోలన్ క్లాసిఫికేషన్ (పుస్తకాల వర్గీకరణ పద్ధతి) సూత్రాలు మీ నోట వినాలని ఉండదు. ఎన్-లిస్ట్ (కాలేజీలకి ఈ-జర్నల్స్, ఈ-పుస్తకాలు అందించే పథకం) ఎంతమంది వాడుతున్నారు, వాడకపోతే ఎందుకు, పాస్‌వర్డ్ మర్చిపోయిన పిల్లలకి ఏం చేస్తారు, వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (జర్నల్స్ అందించే కేంద్ర పథకం) వచ్చాక మీ లెక్చరర్లు ఏం చదువుతున్నారు, ఇలాంటివి అడుగుతారు. పాఠకుల ఫిర్యాదులు, వాటికి మీరేం చేశారో కూడా కమిటీకి చూపించవచ్చని టేబుల్ కింద నోట్‌లో ఉంది. కాబట్టి కౌంటర్ మీద ఒక ఫిర్యాదుల పుస్తకం పెట్టండి, 'ఫ్యాను తిరగట్లేదు' అని రాసినా పక్కన 'ఫలానా తేదీన బాగుచేయించాం' అని రాయండి. ఎంత చిన్నదైతే అంత నమ్మకంగా ఉంటుంది.

పీహెచ్‌డీ ఇప్పుడు అక్కర్లేదన్నాను గానీ వదిలేయమనలేదు. 14కి అది కావాలి, దాంతోపాటు లైబ్రరీ సేవల్లో కొత్తగా ఏం చేశారో, ఐసీటీ (కంప్యూటర్, ఇంటర్నెట్ సాంకేతికత) ఎలా వాడారో రుజువులు కావాలి. 13ఏలో మూడేళ్లు ఉండాలి, పీహెచ్‌డీకి 2022 రెగ్యులేషన్స్ ప్రకారం కోర్సువర్కుతో కలిపి కనీసం మూడేళ్లు పడుతుంది. రెండు గడియారాలూ ఒకేసారి తిరగాలంటే 13ఏ వచ్చాక చూద్దామనుకోకుండా డిపార్ట్‌మెంట్ నుంచి ఎన్‌ఓసీ ప్రయత్నం ఇప్పుడే మొదలుపెట్టండి, పార్ట్‌టైమ్‌లో చేయొచ్చు.

ఇక ఈ వారం చేయాల్సింది. ప్రిన్సిపాల్ గారిని నోటితో అడగడం మానేసి ఒక పేజీ లెటర్ రాయండి. మొదటి ఏడాది రిపోర్టు తేదీ, అప్పటి సంఖ్య, రెండో ఏడాది జరగలేదన్న విషయం, టేబుల్ 4లో నాలుగో అంశం తప్పనిసరి అన్న వాక్యం, కమిటీకి నలుగురి పేర్లు మీరే సూచిస్తూ రాయండి. తప్పు ఆయన మీద వేస్తున్నట్టు ఒక్క మాట కూడా ఉండకూడదు, రేపు ఏపీఏఆర్ రాసేది ఆయనే. నాక్ పేరు ఆయన ఎలాగూ ఎత్తారు కాబట్టి, నాక్ వాళ్లు లైబ్రరీకి వచ్చినప్పుడు స్టాక్ వెరిఫికేషన్ రిపోర్టు అడిగితే చూపించడానికి ఉంటుందని, నాక్ తర్వాత కాదు ముందే చేద్దామని రాయండి, పని జరుగుతుంది. లెటర్ ఆఫీసులో ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని కాపీ మీ దగ్గర ఉంచుకోండి. మొదటి ఏడాది ఏపీఏఆర్‌లో మొత్తం గ్రేడు ఏం వేశారో, 112 పుస్తకాల రైటాఫ్ ఫైలు ఎక్కడుందో చూసి ఇక్కడే రాయండి, ఫైలు వరుస ఎలా పెట్టాలో అప్పుడు చెబుతాను.